పేపర్లో వచ్చిందంటే నిజమేనా? వరంగల్ పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి వరంగల్ జిల్లాలో పొద్దున్నే పేపర్ తిరగేసేవాళ్లు, ముఖ్యంగా గ్రూప్స్‌కి ప్రిపేరవుతూ హన్మకొండ లైబ్రరీల్లో నాలుగైదు పేపర్లు ఒకేచోట చదివే కుర్రాళ్లు అడిగే ప్రశ్నలివి. ఒకే సంఘటన ఒక్కో పేపర్లో ఒక్కోలా ఎందుకు కనిపిస్తుందన్నదే చాలామంది సందేహం. కొన్నింటికి ఒక్క మాటలో జవాబు సరిపోయింది, కొన్నింటికి పెద్ద కథే చెప్పాల్సి వచ్చింది.

పేపర్లు అబద్ధాలు రాస్తాయా?

పచ్చి అబద్ధాలు మనం అనుకునే దానికంటే తక్కువే. జరగని సభ జరిగిందని రాస్తే మర్నాడే పరువు పోతుంది. పైగా పరువునష్టం కేసు భయం ఉండనే ఉంది. అసలు ఒక్క అబద్ధం కూడా రాయకుండానే పాఠకుణ్ణి తప్పుదారి పట్టించవచ్చు. దేన్ని వార్తగా తీసుకోవాలి, ఎవరిని అడిగి రాయాలి, ఏ పేజీలో ఎంత జాగా ఇవ్వాలి, ఏ వాక్యం ముందు పెట్టాలి అన్నవి చేతిలో ఉంటే చాలు. కింద చెప్పేదంతా ఎక్కువగా వీటి గురించే.

జరిగింది జరిగినట్టు రాస్తే సరిపోదా?

జరిగిందంతా రాసే పేపర్ ఎక్కడా లేదు. వరంగల్‌లో రిపోర్టర్లకు బీట్లు ఉంటాయి. ఒకరు కలెక్టరేట్, ఒకరు పోలీస్ కమిషనరేట్, ఒకరు ఎంజీఎం ఆసుపత్రి, ఒకరు కాకతీయ యూనివర్సిటీ, ఇంకొకరు ఏనుమాముల మార్కెట్. బీటు ఉన్నచోట రోజూ వార్త పుడుతుంది. కలెక్టర్ సమీక్ష చేస్తే ప్రెస్‌నోట్ వస్తుంది, ఫొటో కూడా వస్తుంది. బీటు లేనిచోట ఏం జరిగినా అది చాలాసార్లు వార్త కాదు. వడ్డేపల్లి చెరువు మీద మంత్రిగారు నడిస్తే వార్త అవుతుంది. పరకాల దగ్గర ఒక ఊళ్లో ఆర్నెల్లుగా బోరు పనిచేయకపోతే, ఆడవాళ్లు బిందెలు పట్టుకుని రోడ్డెక్కిన రోజు మాత్రమే వార్త అవుతుంది. మిగతా రోజుల్లో ఆ ఊరికి నీళ్లు వస్తున్నాయనే లెక్క.

దీని మీద ప్రపంచంలో పాత పరిశోధనలే ఉన్నాయి. నార్వేకి చెందిన గాల్టుంగ్, రూగె 1965లో తమ దేశపు పేపర్లు కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాలను ఎలా రాశాయో పరిశీలించారు. పెద్ద దేశాలు, పెద్ద మనుషులు, చెడు కబురు, ఒక్కసారిగా జరిగిపోయిన ఘటన ఉంటే వార్త అయ్యే అవకాశం ఎక్కువని తేల్చారు. నెమ్మదిగా సాగే కష్టానికి ఆ అవకాశం తక్కువ.

ములుగు జిల్లా ఆదివాసీ గూడేలను ఇదే కొలతతో చూడండి. జాతర వచ్చినప్పుడు, వరద వచ్చినప్పుడు, విషజ్వరాలు వచ్చినప్పుడు, తుపాకీ పేలినప్పుడు మాత్రమే పేపర్లో కనిపిస్తాయి. 2023 జులైలో జంపన్నవాగు పొంగి కొండాయి మునిగేదాకా ఆ ఊరి పేరు రాష్ట్రంలో ఎంతమందికి తెలుసు?

వార్త మన అభిప్రాయాన్ని నిజంగా మారుస్తుందా?

నేరుగా మార్చడం కంటే ముందు ఇంకో పని చేస్తుంది. అమెరికాలో 1968 ఎన్నికలప్పుడు చాపెల్ హిల్ అనే ఊళ్లో మెకూంబ్స్, షా అనే ఇద్దరు, ఇంకా ఎవరికి ఓటేయాలో తేల్చుకోని 100 మందిని అడిగారు. అక్కడి మీడియా వేటికి ఎక్కువ జాగా ఇచ్చిందో, ఓటర్లు కూడా దాదాపు వాటినే ముఖ్యమైన సమస్యలుగా చెప్పారు. ఈ అధ్యయనం 1972లో అచ్చయింది. ఏం అనుకోవాలో పేపర్ మనకు చెప్పలేకపోవచ్చు గానీ, దేని గురించి అనుకోవాలో చెబుతుంది. మన దగ్గర టీ కొట్టు దగ్గర జరిగే చర్చ ఆ రోజు బ్యానర్ మీదే నడవడం చూస్తే దీనికి అమెరికా దాకా పోనక్కర్లేదనిపిస్తుంది.

ఏ పేపర్ ఎవరిది?

ఇది దాచిన విషయమేమీ కాదు. 'సాక్షి' 2008లో వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి కుటుంబం పెట్టింది. 'నమస్తే తెలంగాణ' 2011 జూన్‌లో ఉద్యమం మధ్యలో వచ్చింది, అది అప్పటి టీఆర్‌ఎస్, ఇప్పటి బీఆర్‌ఎస్ పేపర్. 'ఈనాడు'ను రామోజీరావు 1974లో విశాఖపట్నంలో మొదలుపెట్టారు. ఆ పేపర్, 'ఆంధ్రజ్యోతి' తెలుగుదేశానికి దగ్గర అన్న పేరు ఏళ్లుగా ఉంది. 'నవతెలంగాణ' సీపీఎంది. 'వెలుగు' వివేక్ వెంకటస్వామి కుటుంబానిది. ఆయన టీఆర్‌ఎస్‌లో ఉన్నారు, బీజేపీలో ఉన్నారు, 2023 నవంబర్‌లో కాంగ్రెస్‌కి వచ్చారు. ఆ మూడు కాలాల పేపర్లు తీసి పక్కపక్కన చదివితే ఒక మంచి థీసిస్ అవుతుంది. ఎవరైనా ఎంఏ విద్యార్థి చేస్తే బాగుండు.

చివరి పేజీ అడుగున సన్న అక్షరాల్లో ముద్రాపకుడు, ప్రచురణకర్త, ఎడిటర్ పేర్లుంటాయి. చాలామంది ఎప్పుడూ చూడరు. 1867 నాటి పాత చట్టం నడిచిన కాలంలో ఏటా మార్చి మొదట్లో ఫారం-4 పేరుతో యాజమాన్య వివరాలు కూడా అచ్చయ్యేవి. ఆ చట్టం స్థానంలో 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. లైబ్రరీలో పాత ఫైళ్లు ఉంటే మార్చి మొదటి వారం సంచికలు తీసి చూడండి.

యజమానే వార్తలో ఉంటే ఎలా రాస్తారు?

మన దగ్గరే జరిగింది. 2010 మే 28న జగన్ ఓదార్పు యాత్రకు బయల్దేరినప్పుడు ఆయన్ను అడ్డుకోవడానికి మహబూబాబాద్ రైల్వే స్టేషన్‌లో తెలంగాణవాదులు చేరారు. రాళ్లు పడ్డాయి, కాల్పులు జరిగాయి, జనం గాయపడ్డారు. జగన్‌ను దారిలోనే అరెస్టు చేశారు. అప్పటికి ఆయన పేపర్ వయసు రెండేళ్లు.

ఇలాంటి రోజున మర్నాటి పేపర్లు నాలుగు ముందేసుకుని మొదటి పేరా మాత్రమే చదవండి. రాళ్లు ముందొచ్చాయా, తూటాలు ముందొచ్చాయా? గాయపడ్డవాళ్లకు ఊరూ పేరూ ఉన్నాయా, లేక 'కొందరు' అయిపోయారా? ఫొటోలో ఏ వైపు నుంచి కెమెరా ఉంది? అన్ని పేపర్లలో వివరాలు నిజమే కావచ్చు, కానీ ఏది ముందు చెబితే అది కారణంలా, తర్వాత చెప్పింది దాని ఫలితంలా కనిపిస్తుంది. 'రాళ్లు రువ్వడంతో కాల్పులు' అని చదివినవాడికి, 'కాల్పులతో రణరంగం' అని చదివినవాడికి మనసులో రెండు వేర్వేరు మహబూబాబాద్‌లు ఉంటాయి.

ఓనరు పార్టీ తెలిసిపోయాక ఇంక కొత్తగా తెలుసుకునేది ఏముంది?

చాలా ఉంది. మనవాళ్లు అందరూ ఇక్కడే ఆగిపోతారు. 'అది ఫలానా పార్టీ పేపర్' అనేసి చేతులు దులుపుకుంటారు. రాజధాని వార్తకు ఆ లెక్క పనికొస్తుంది. నర్సంపేట మండల వార్తకు దాదాపుగా పనికిరాదు. అక్కడ వార్తను నడిపేది వేరే.

1989లో 'ఈనాడు' జిల్లా పేజీలను విడిగా చిన్న సైజులో ఇవ్వడం మొదలుపెట్టింది. మిగతా పేపర్లూ అదే దారి పట్టాయి. ఊరి వార్త అచ్చులోకి రావడం మంచిదే, అంతకుముందు దొరకని గౌరవం అది. కానీ ఆ పేజీలు రోజూ నింపాలంటే మండలానికో విలేకరి కావాలి. అంతమందికి జీతాలివ్వడం పేపర్లకు ఇష్టం లేదు. అందుకని స్ట్రింగర్, కంట్రిబ్యూటర్ అని పేరు పెట్టి, రాసిన వార్తల కొలతను బట్టి కొద్దిపాటి డబ్బు ఇచ్చే పద్ధతి వచ్చింది. 'ఈనాడు'లో డేట్‌లైన్ (వార్త మొదట్లో వచ్చే ఊరి పేరు) దగ్గర పేపర్ పేరు బదులు 'న్యూస్‌టుడే' అని కనిపించేవి ఎక్కువగా ఈ గ్రామీణ విలేకరులవే.

దాని మీద యాడ్ టార్గెట్. జనవరి 1, ఆగస్టు 15, పేపర్ వార్షికోత్సవం, నాయకుడి పుట్టినరోజు వస్తే విలేకరి యాడ్స్ తేవాలి, వాటి మీద కమీషన్ వస్తుంది. యాడ్ ఇచ్చేది ఎవరు? సర్పంచ్, ఎమ్మెల్యే అనుచరుడు, ప్రైవేట్ స్కూల్ కరస్పాండెంట్, క్రషర్ ఓనరు, రైస్ మిల్లర్. రేపు క్రషర్ దుమ్ముతో పక్క ఊరి పత్తి పాడైందని రైతులు వస్తే ఆ విలేకరి ఏం చేయాలి? హైదరాబాద్‌లో కూర్చున్న ఓనరుకు ఆ క్రషర్ పేరు కూడా తెలియదు. వార్త రాలేదు, అంతే. పార్టీ పక్షపాతం కంటే ఈ మౌనమే పల్లెల్లో ఎక్కువ నష్టం చేస్తుందని నా అభిప్రాయం. రాసిన వార్తలో పక్షపాతాన్ని పట్టుకోవచ్చు గానీ రాయని వార్తను పట్టుకునేది ఎలా?

విలేకరిని తిట్టడం తేలిక. బండి పెట్రోలు కూడా తనే పెట్టుకుని, ఇసుక లారీల వాళ్ల బెదిరింపుల మధ్య రాసే విలేకరులూ ఇదే జిల్లాలో ఉన్నారు.

రైతు చనిపోతే ఒక పేపర్లో 'రైతు ఆత్మహత్య' అని, ఇంకో పేపర్లో 'వ్యక్తి మృతి' అని ఎందుకు వస్తుంది?

ఈ ప్రశ్న వేసేవాళ్లకు ఆ శీర్షిక విలువ బాగా తెలిసే ఉంటుంది.

1997-98లో పురుగు తెగులుతో పత్తి పోయి, వరంగల్ జిల్లాలో రైతుల ఆత్మహత్యలు దేశమంతా తెలిసినప్పటి నుంచి మన పేపర్లకు ఈ వార్త రాయడం అలవాటైపోయింది. అలవాటైన వార్తకు అచ్చు తయారవుతుంది. కల్తీ పురుగుమందు, అప్పుల బాధ, మనస్తాపం, భార్యాపిల్లల ఏడుపు ఫొటో. ఆ అచ్చులో ఇమడని వివరాలు రాలిపోతాయి. ఎవరి దగ్గర అప్పు, ఎంత వడ్డీ, భూమి సొంతమా కౌలా, బ్యాంకు లోన్ ఎందుకు ఇవ్వలేదు అన్నవి చాలా వార్తల్లో దొరకవు.

ఇందులో పాత్ర పేపర్ ఒక్కదానిదే కాదు. మొదటి సమాచారం పోలీసు స్టేషన్ నుంచి వస్తుంది. కడుపునొప్పి భరించలేక అనో, కుటుంబ కలహాలతో అనో అక్కడ రాసి ఉంటే, ఊరికి వెళ్లే టైం లేని విలేకరి అదే పంపిస్తాడు. డెస్క్‌లో దానికి 'వ్యక్తి' అని శీర్షిక పడుతుంది. ఊరికి వెళ్లి ఇంటివాళ్లతో మాట్లాడినవాడు 'కౌలు రైతు' అని రాస్తాడు.

ఆ తేడా డబ్బుతో ముడిపడి ఉంది. 2004లో జీవో 421, తెలంగాణ వచ్చాక 2015లో జీవో 194 కింద ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి సాయం ఉంది. జీవో 194లో అది 6 లక్షలు. అయితే రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల వాళ్లు విచారించి, చనిపోయింది రైతేనని, కారణం వ్యవసాయమేనని తేల్చాలి. 2018లో వచ్చిన రైతుబీమాకు కారణంతో పనిలేదు, ఎలా చనిపోయినా 5 లక్షలు వస్తాయి, కానీ పట్టా పాస్‌బుక్ ఉండాలి. కౌలు రైతుకు పాస్‌బుక్ ఎక్కడిది? అతని కుటుంబానికి మిగిలింది జీవో దారే. అందుకే ఆఫీసుల చుట్టూ తిరిగే ఆడవాళ్లు ప్లాస్టిక్ కవర్లో పేపర్ కటింగ్ దాచుకుంటారు. అది చట్టప్రకారం సాక్ష్యం కాకపోవచ్చు, కానీ 'పేపర్లో కూడా రైతనే వచ్చింది సార్' అని చూపించడానికి వాళ్ల చేతిలో ఉన్న కాగితం అదొక్కటే.

సొంతంగా సేద్యం చేసే ఆడమనిషి చనిపోతే 'వివాహిత ఆత్మహత్య' అని రావడం కూడా గమనించండి. పొలం పట్టా భర్త పేరు మీద ఉంటుంది కాబట్టి లెక్కల్లో, వార్తలో కూడా ఆమె రైతు కాదు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఏ మందు తాగారు, ఎలా తాగారు అని వివరంగా రాయొద్దని, మొదటి పేజీలో ఊదరగొట్టొద్దని, పేపర్ల మీద ఫిర్యాదులు చూసే ప్రెస్ కౌన్సిల్ 2019లో సూచనలిచ్చింది. కారణాలు రాయమంటున్నామంటే పద్ధతి రాయమని కాదు.

ఎన్‌కౌంటర్ వార్తలన్నీ ఒకేలా ఎందుకుంటాయి?

చెప్పేది ఒక్కరే కాబట్టి. పోలీసులు అడవిలో కూంబింగ్‌కి వెళ్లారు, అవతలివాళ్లు కాల్చారు, ఆత్మరక్షణ కోసం వీళ్లు కాల్చారు. ఉత్తర తెలంగాణలో ఇది కొన్ని దశాబ్దాలుగా చదివాం. రెండో పక్షం బతికి ఉండదు, అడవిలో సాక్షి ఉండడు, సాయంత్రం డెడ్‌లైన్ ఉంటుంది. 'పోలీసుల కథనం ప్రకారం' అన్న రెండు మాటలు వార్తలో ఉంటే కనీస మర్యాద పాటించినట్టు. చాలాసార్లు అవీ ఉండవు.

2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. కొద్ది రోజుల్లోనే ముగ్గురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. ఊరంతా సంబరం చేసుకుంది. 2019 డిసెంబర్ 6న దిశ కేసులో నలుగురి విషయంలోనూ అదే జరిగింది. అప్పుడు మాత్రం సుప్రీంకోర్టు సిర్పుర్కర్ కమిషన్ వేసింది. నిందితులను చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పోలీసులు చెప్పింది నమ్మేలా లేదని 2022 మేలో బయటికొచ్చిన నివేదిక చెప్పింది. 2019 డిసెంబర్ 7 పేపర్ తీసి ఆ నివేదిక పక్కన పెట్టుకుని చదవండి. జనం కోపం న్యాయమైనదే. కానీ జనం సంతోషంగా ఉన్న రోజున పేపర్ ప్రశ్నలు అడగడం మానేస్తుంది. ఇది ఏ పార్టీకీ సంబంధం లేని పక్షపాతం.

మేడారానికి కోటి మంది వచ్చారని ఎవరు లెక్కపెట్టారు?

ఎవరూ లెక్కపెట్టలేదు. టికెట్ లేని జాతర అది. ఆర్టీసీ బస్సులు, పార్కింగ్‌లో బండ్లు చూసి అధికారులు వేసే అంచనా ప్రెస్‌మీట్‌లో చెబితే మర్నాడు శీర్షిక అవుతుంది, రెండేళ్ల తర్వాత అదే అంకె చరిత్ర అవుతుంది. జనం విపరీతంగా వస్తారన్నది మాత్రం నిజం, తాడ్వాయి దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఎవరినైనా అడగండి.

అదే పేపర్ విజయవాడలో వేరేగా ఎందుకుంటుంది?

ఎడిషన్లు వేరు కాబట్టి. రాష్ట్ర విభజన కాలంలో ఇది బాగా బయటపడింది. వరంగల్ ఎడిషన్‌లో సంబరం, విజయవాడ ఎడిషన్‌లో ఆగ్రహం, పేపర్ పేరు మాత్రం ఒక్కటే. రెండు ప్రాంతాల వాళ్లూ తమ పేపర్ తమ వైపే ఉందనుకున్నారు. అవతలివాళ్ల మాట ఇద్దరికీ అందలేదు.

తెలంగాణను పేపర్లు మొదటి నుంచీ చిన్నచూపు చూశాయా?

పేపర్లన్నీ కాదు గానీ, ఆ బాధకు మూలం ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాట ఒకటి అచ్చులోకి వచ్చింది. 'గోలకొండ పత్రిక' నడిపే సురవరం ప్రతాపరెడ్డి దానికి వ్యాసంతో జవాబివ్వలేదు. 1934లో 354 మంది కవులతో సంచిక తెచ్చి చూపించారు. లేరన్నవాళ్లను ఉన్నారని చూపించాలంటే సొంత అచ్చు కావాలి.

అంతకంటే ముందే, 1922లో, ఇప్పటి మహబూబాబాద్ జిల్లా ఇనుగుర్తి అనే పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు 'తెనుగు పత్రిక' నడిపారు. ఆ తర్వాతి కాలంలో వరంగల్ నుంచే ఎం.ఎస్. ఆచార్య 'జనధర్మ' వచ్చింది. ఊరి పేపర్ అంటే హైదరాబాద్ పేపర్‌కి తోకగా వచ్చే అనుబంధం అనుకునే రోజుల్లో ఇవి గుర్తుచేసుకోవాలి.

అయితే మన ప్రభుత్వం వచ్చాక మీడియాతో సంబంధం మారిపోయిందనుకోకండి. 2014 జూన్‌లోనే రెండు తెలుగు చానళ్ల ప్రసారాలు రాష్ట్రంలో కేబుల్‌లో ఆగిపోయాయి. ఆ సెప్టెంబర్ 9న, కాళోజీ శతజయంతి రోజున, ఇదే వరంగల్‌లో ముఖ్యమంత్రి కేసీఆర్ తెలంగాణను కించపరిచే మీడియాను 10 కిలోమీటర్ల లోతున పాతేస్తామన్నారు. ధిక్కారం రాసిన కవి పుట్టినరోజు సభలో ఆ మాట వచ్చింది. చప్పట్లు కూడా పడ్డాయి.

ఎన్నికలప్పుడు పెయిడ్ న్యూస్ ఎలా గుర్తుపట్టాలి?

పెయిడ్ న్యూస్ అంటే డబ్బు తీసుకుని వార్తలా వేసే ప్రచారం. ఒకే ఫొటో, ఒకే మాటలు రెండు పేపర్లలో వస్తే అది పెయిడ్ అని అనుమానించాలి. ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులకూ 'గెలుపు ఖాయం' అని వస్తే అది కూడా. అభ్యర్థి పాదయాత్రలో మహిళలు హారతులు పట్టడం తప్ప ఒక్క ప్రశ్న కూడా లేని అరపేజీ వార్త మీద అనుమానపడవచ్చు.

ప్రెస్ కౌన్సిల్ 2009లో దీని మీద పరంజయ్ గుహా ఠాకుర్తా, మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డిలతో ఉపసంఘం వేసింది. వాళ్లు పేపర్ల పేర్లతో సహా 71 పేజీలు రాసిస్తే, కౌన్సిల్ చిన్నదిగా కోసి విడుదల చేసింది. సమాచార హక్కు కింద ఆదేశం వచ్చాక 2011లో గానీ పూర్తి నివేదిక బయటికి రాలేదు. పేపర్ల గురించిన నివేదికకు పేపర్లలోనే ఎంత జాగా దొరికిందో ఊహించుకోండి. ఎన్నికల సమయంలో ప్రతి జిల్లాలో మీడియా పర్యవేక్షణ కమిటీ ఉంటుంది. కటింగ్ జతచేసి అక్కడ ఫిర్యాదు చేస్తే ఆ ఖర్చు అభ్యర్థి ఖాతాలో రాయవచ్చు. పెయిడ్ న్యూస్ ఖర్చు చూపనందుకు 2011లో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఒకరిపై మూడేళ్ల అనర్హత వేటు పడింది కూడా.

గ్రూప్స్‌కి ఏ పేపర్ చదవాలి?

రెండు చదవండి, ఒకరినొకరు తిట్టుకునేవి. ఖర్చు అనుకుంటే లైబ్రరీ ఉంది. 1904లో హన్మకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం పెట్టినవాళ్ల ఉద్దేశం కూడా ఇలా నలుగురూ వచ్చి చదువుకోవాలనే.

మన గురించి తప్పు రాస్తే ఏం చేయాలి?

ముందు ఎడిటర్‌కి రాతపూర్వకంగా ఖండన పంపండి. తేదీ, పేజీ, తప్పు వాక్యం, దానికి మీ ఆధారం ఉంటే చాలు, తిట్లు వద్దు. విలేకరికి ఫోన్ చేసి గొడవపడటం వల్ల పని జరగదు. వేస్తే లోపలి పేజీలో ఒక మూల వేస్తారు, అయినా రికార్డు ఉంటుంది. వేయకపోతే ఢిల్లీలోని ప్రెస్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రికకు, వారపత్రికకు గడువు రెండు నెలలు. ఎడిటర్‌కి రాసిన ఉత్తరం నకలు, వార్త కటింగ్ జతచేయాలి, అదే విషయం కోర్టులో లేదని ప్రకటించాలి. కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా వేసే అధికారం లేదు. టీవీలు దాని పరిధిలోకి రావు.

వార్త వేయకుండా ఉండటానికి ఎవరైనా విలేకరి డబ్బు అడిగితే?

అది జర్నలిజం పక్షపాతం కాదు, బెదిరించి వసూలు చేయడం. ప్రభుత్వమిచ్చే అక్రిడిటేషన్ కార్డు చూపించినా, బండి మీద ప్రెస్ అని రాసి ఉన్నా, యూట్యూబ్ చానల్ మైకు పట్టుకొచ్చినా తేడా లేదు. భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయవచ్చు. మాటలు రికార్డు చేయండి, ఆ పేపర్ బ్యూరోకి, యూనిట్ ఆఫీసుకి కూడా నకలు పంపండి. ఒక్కసారి ఇచ్చారంటే మీ నంబర్ మిగతావాళ్లకూ చేరుతుంది.